మా అక్క చెప్పిన సాక్ష్యం

ఆత్మకూరు బస్టాండులో మర్రిపాడు బస్సు కోసం నిలబడి ఉండగా మా అక్క గొంతు వినిపించింది. అక్క పోయి అప్పటికి ఏడాది దాటింది.

గొంతు ఒక ఆటోలోంచి వస్తోంది. ఆటోకి రెండు పక్కలా ఫ్లెక్సీలు కట్టి, పైన మైకు బిగించారు. వింజమూరులో స్వస్థత సభలట. ముందు ఒక మగగొంతు రోగులందరినీ రమ్మని పిలిచి, ఈ సోదరి సాక్ష్యం వినండి అంది. తరువాత అక్క మాట్లాడింది. "చిన్నప్పటినుంచి నాకు ఫిట్స్ ఉండె. ప్రభువు నన్ను ముట్టినాడు. ఇప్పుడు నేను ఒక్క బిళ్ళ గూడా మింగటం లా. నాకేమీ రాలా." వెనక జనం హల్లెలూయ అన్నారు. మళ్ళీ మగగొంతు. మళ్ళీ అక్క.

నాకంటే ముందు నా కోపం పుట్టిందని మా నాయన అనేవాడు. బడి సంచి భుజాన వేసుకుని, టీచరమ్మనన్న సంగతి కూడా మరచిపోయి ఆ ఆటో వెంట పడ్డాను. పండ్ల బండి దగ్గర అందుకుని, ఆపమని అడిగాను. డ్రైవరు పాపం మంచివాడే. పెన్‌డ్రైవ్ ఇచ్చి ఊళ్ళన్నీ తిప్పమన్నారని, తనకేమీ తెలియదని అన్నాడు. ఆ మాట్లాడే మనిషి మట్టిలో ఉందని చెబితే మైకు కట్టేసి, నా ముఖం కేసి కాక తన హ్యాండిల్ కేసి చూస్తూ కూర్చున్నాడు. కానీ అతను ఎంతసేపని కట్టేస్తాడు? ఫ్లెక్సీ మీద ఉన్న నంబరుకు ఫోను చేశాను.

ఫోను ఎత్తింది ఆయనే, ఆ సభలు పెట్టే పాస్టరు. నా గొంతు గుర్తుపట్టాడు. తొణకలేదు, బెణకలేదు. "ఆ సాక్ష్యం మీ అక్కగారిది, ఆమె లేదు కాబట్టి ఇప్పుడు అది మీ తల్లిగారిది. ఆమె నోటితో వద్దంటే ఆ నిమిషమే తీసేస్తాను. మీ ఇష్టం తల్లీ" అన్నాడు. ఆ చివరి రెండు మాటలు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బడికి సెలవు చెప్పి, మర్రిపాడు బస్సు వదిలేసి ఉదయగిరి బస్సెక్కాను. అమ్మ చేత ఆ ఒక్క మాట అనిపించాలి. అంతే నా పని. అది ఎంత కష్టమో తెలియాలంటే వెనక జరిగింది చెప్పాలి.

మాది పాత బాప్టిస్టు కుటుంబం. దొరలు గుర్రాల మీద వచ్చి వాక్యం చెప్పిన కాలంలో మా ముత్తాత నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడట. ఉదయగిరి దుర్గం కనిపించే ఒక పల్లెలో మా ఇల్లు. నాయన ప్రాథమిక పాఠశాల టీచరు. మేమిద్దరం ఆడపిల్లలం. అక్కకు పద్నాలుగో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. గుడిలో, పాట మధ్యలో వచ్చాయి. మా వైపు చర్చిని గుడి అనే అంటాం. ఎవరో అమ్మ నడుముకున్న తాళాల గుత్తి లాగి అక్క చేతిలో పెట్టారు. ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని మా వైపు నమ్మకం. నాయన అక్కను నెల్లూరు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాడు. మాత్రలు రాశారు. మానకుండా వాడితే రావన్నారు. రాలేదు కూడా.

ఆ మాత్ర వేసుకోవడం మా ఇంట్లో ఒక ఆచారమైపోయింది. పొద్దుగూకి సంగటి తిన్నాక నాయన అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, మాత్ర అరచేతిలో పెట్టి ప్రార్థన చేసేవాడు. పెద్ద ప్రార్థనేమీ కాదు. "ప్రభువా, ఈ బిళ్ళ చేసిన చేతుల్ని దీవించు, మింగే బిడ్డను కాపాడు." అంతే. అందరం ఆమేన్ అనేవాళ్ళం, అక్క మింగేది. దేవుడూ మాత్రా తగువు పడతారని మాకు ఊహకు కూడా రాలేదు.

అయితే అక్కకు జబ్బు తగ్గినా జనానికి తగ్గలేదు. గుడిలో ఆమెను తలుపు దగ్గరి బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. మళ్ళీ వస్తే బయటికి మోసుకుపోవడానికి వీలుగా ఉంటుందని. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఆ బెంచీ మీద ఆమె యౌవనం అంతా గడిచిపోయింది. సంబంధాలు రాలేదు, వచ్చినవి నిలవలేదు. అక్క కుట్టుమిషను కొనుక్కుంది. ఊళ్ళో పెద్దరైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా జాకెట్లు ఆమె దగ్గరే కుట్టించుకునేవాళ్ళు. గొంతు బంగారం. కానీ పాటల గుంపులోకి ఎవరూ పిలవలేదు. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి తనూ అడగలేదు.

నాయన పోయిన ఏడు మా పాత సంఘం పెద్దలు రెండు పార్టీలై కొట్టుకుంటున్నారు. నాయన జ్ఞాపకార్థ కూడికకు ఎవరు అధ్యక్షత వహించాలని మా వాకిట్లోనే గొడవ పడ్డారు. అమ్మ లోపల గోడకు ఆనుకుని ఏడుస్తూ ఉంది. అలాంటి ఇంట్లోకి ఆయన వచ్చాడు.

ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఉదయగిరి రోడ్డు పక్కన నీలం రేకుల షెడ్డు వేసి మందిరం అన్నాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. రోజూ వచ్చి అమ్మ పక్కన చాప మీద కూర్చునేవాడు. అమ్మ పెట్టిన సంగటి, గోంగూర పచ్చడి తినేవాడు. పాత సంఘం పెద్దలు ఓదార్చడానికి ఒక్కసారి కూడా రానిచోట ఇంత మెత్తగా మాట్లాడే మనిషి రోజూ వస్తుంటే ఎవరికి మాత్రం మంచివాడనిపించడు? మొదటి ఆదివారమే అక్కను ముందు వరసలో కూర్చోబెట్టాడు. రెండో వారం చేతికి మైకు ఇచ్చాడు.

అక్క ఆ రోజు నాకు ఫోను చేసింది. "మే, నా చేత పాట పాడిచ్చినారు" అంది. తరువాత ఏడుపు వినిపించింది. నాకూ సంతోషమే వేసింది. తలుపు దగ్గరి బెంచీ నుంచి ముందు వరసకు తీసుకువచ్చిన మనిషిని నేనేమని తిడతాను?

ఆయన సంగతి ఒక్కరోజులో తెలియలేదు. నెమ్మదిగా, ఒకటొకటిగా తెలిసింది. ముందు అయ్యగారు అనే పిలుపు పోయి దైవజనుడు అయ్యాడు. పాత గుడిలో జరిగే పెండ్లిళ్ళకు పోకూడదన్నాడు, అది చచ్చిన సంఘమట. హిందువుల పండగలకు జాకెట్లు కుట్టొద్దన్నాడు. మా పిన్ని కొడుకు పెండ్లికి అమ్మ ఆయన్ను అడిగి, ఆయన ప్రార్థన చేసి చెబుతానంటే రెండు రోజులు ఆగి, చివరికి పోలేదు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే దేవుని అభిషేకం మీద చెయ్యి వేస్తున్నావని చెప్పేవాడు. అన్నిటికంటే ముఖ్యం, దేన్నీ బలవంతం చేయలేదు. ప్రతి మాటకూ చివర "మీ ఇష్టం తల్లీ" అని తగిలించేవాడు. ఆ మాట అన్నాక ఇంక ఎవరికీ ఇష్టమంటూ మిగిలేది కాదు. ఆయన చెప్పింది కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు.

అక్క మాత్రల సంగతి ఆయనకు ఎవరు చెప్పారో గాని ఒక ఆదివారం ఆరాధన మధ్యలో లేపి అడిగాడు. చివరిసారి ఎప్పుడు వచ్చింది? చాలా ఏళ్ళయింది అంది అక్క. "మరి స్వస్థత కలిగినట్టే కదా. కలిగిన తరువాత కూడా మందు మింగితే దేవుడు ఇచ్చిన బహుమానాన్ని వాపసు ఇచ్చినట్టు కాదా? దేవుడు కావాలా, బిళ్ళ కావాలా? ఎవరి బలవంతమూ లేదు. మీ ఇష్టం తల్లీ." షెడ్డు నిండా జనం ఆమె కేసి చూస్తున్నారు. మైకు ఆమె నోటి దగ్గరుంది. ఫోను కెమెరా ఎదురుగా ఉంది. అక్క సాక్ష్యం చెప్పింది. మరుసటి వారం మాత్రల అట్టలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

మాలో సాక్ష్యం చెప్పడమంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. నలుగురిలో నిలబడి, దేవుడు నాకు ఇది చేశాడని చెబితే ఆ మాట నీ వెంట నీ సమాధి దాకా వస్తుంది. తాగుడు మానేశానని చెప్పి మళ్ళీ తాగినవాణ్ణి తాగుబోతు అనరు, సాక్ష్యం చెడగొట్టుకున్నాడంటారు. అది తాగుడు కన్నా పెద్ద తప్పు. మా ముత్తాతల నాటి నుంచి ఆ మాటకు భయపడుతూ బతికినవాళ్ళం. మా భయమే ఆయనకు పెట్టుబడి.

నేను వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. కొత్త అట్టలు కొనుక్కుని పోయాను. మాత్రలు వేసుకున్నందువల్లనే రాలేదు గదా, ఇందులో కొత్తగా కలిగిన స్వస్థత ఏముందని అడిగాను. అమ్మ తల తిప్పుకుంది. అక్క మిషను ఆపి, చాలా నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నేను సాక్ష్యం చెప్పినాను గదే. ఇప్పుడు బిళ్ళ మింగితే నేను అబద్ధం ఆడినట్టే గదా."

ఆ మాటకు నా దగ్గర చాలా జవాబులున్నాయి. అన్నీ చెప్పాను. ఒక్కటీ పని చేయలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ పోయినప్పుడు అమ్మ నడుముకు తాళాల గుత్తి కనిపించింది. ఏళ్ళ తరబడి అది వంటింట్లో మేకుకు వేలాడుతూ ఉండేది. బీరువా లేదు, పెట్టె లేదు, ఆ ఇంట్లో తాళం వేసేదంటూ ఏమీ లేదు. నేను గుత్తి కేసి చూశాను. అమ్మ చెంగు దాని మీదికి లాక్కుంది. ఫిట్స్ మళ్ళీ వస్తున్నాయని నాకు అర్థమైంది.

అడిగితే ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నారు. అక్క నాలుక కొరుక్కుని మాట ముద్దగా వస్తోంది. పంటి నొప్పి అంది. అమ్మ కూడా పంటి నొప్పే అంది. జన్మలో అబద్ధం ఆడని మనుషులు, సాక్ష్యం నిజమని నిలబెట్టడానికి రోజూ అబద్ధాలాడటం నేర్చుకున్నారు. ఆయనకు మాత్రం చెప్పారట. ఇంటికి సంబంధించినవాళ్ళలో ఎవరో అవిశ్వాసి ఉంది, ఆమె అడుగు పెట్టినప్పుడల్లా సాతాను దారి దొరకబుచ్చుకుంటున్నాడు అన్నాడట. ఆ అవిశ్వాసిని నేనే. కొన్నాళ్ళు రావద్దు మే అని అమ్మ నాతో చెప్పింది. నన్ను కన్నతల్లి, నా ముఖం చూడకుండా గుమ్మం పట్టుకుని చెప్పింది. నేను వినకుండా పోతూనే ఉన్నాను, గుమ్మం బయట నిలబడి మాట్లాడి వచ్చేదాన్ని. ఆత్మకూరు రమ్మని అక్కను బతిమాలాను. రాలేదు.

ఆ తరువాత జరిగింది అమ్మ చేసిన తప్పు. కానీ అది మా మనుషులు తప్ప ఇంకెవరూ చేయరు. మందిరంలో అందరి ముందూ ఫిట్స్ వస్తే సాక్ష్యం చెడిపోతుందని అమ్మకు భయం పట్టుకుంది. అందుకని ఏదో ఒక సాకు చెప్పి అక్కను ఇంట్లోనే ఉంచి తను ఒక్కతే పోవడం మొదలుపెట్టింది. ముందు వరసలో అక్క చోటు ఖాళీ. పాడటానికి పోలేక అక్క ఇంట్లో కూర్చుని పాడుకునేదట.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనకు అమ్మ షెడ్డుకు పోయింది. వచ్చేసరికి వాకిట్లో గిన్నెలు సగం తోమి ఉన్నాయి. అక్క సిమెంటు తొట్టిలోకి బోర్లా పడి ఉంది. తొట్టిలో నీళ్ళు మోకాలెత్తు కూడా లేవు. పక్కన మనిషి ఉండి తల పైకెత్తి పట్టుకుని ఉంటే బతికేది. తాళాల గుత్తి అమ్మ నడుముకు ఉంది, షెడ్డులో.

నేను పోయేసరికి ఊరంతా ఒకటే మాట. పాచి మీద కాలు జారింది. పాతి పెట్టేటప్పుడు ఆయన మాట్లాడాడు. "ఈ బిడ్డ కాలు జారి పడింది తొట్టిలోకి కాదు, దేవుని ఒడిలోకి" అన్నాడు. చివరి ఘడియ దాకా ఆమె స్వస్థత చెడలేదన్నాడు. జనం ఆమేన్ అన్నారు. అమ్మ కూడా అంది. నేను అనలేదు. అప్పటి నుంచి ఎక్కడా ఆమేన్ అనలేదు.

ఇదంతా తలచుకుంటూ ఉదయగిరిలో దిగి ఆటో పట్టుకుని మా పల్లె చేరేసరికి ఎండ ముదిరింది. అమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. తొట్టి బోర్లించి ఉంది. నడుముకు తాళాల గుత్తి అలాగే ఉంది.

ఆటోలో అక్క గొంతు విన్న సంగతి చెప్పాను. అమ్మకు కొత్త కాదట. ఆయన సభ పెట్టిన ప్రతి ఊళ్ళో ఆ వీడియో వేస్తాడట. తన ఫోనులో కూడా ఉందట, రోజూ చూస్తుందట. వద్దని ఒక్క మాట చెప్పు, ఆయన తీసేస్తానన్నాడని చెప్పాను. అమ్మ తల ఎత్తకుండా గింజ తీస్తూనే ఉంది. నాకు కోపం వచ్చింది. అక్కను చంపిన మాటనే ఊరూరా అమ్ముకుంటున్నాడని, అందుకు నీ మౌనమే ఆయనకు లైసెన్సని నోటికి వచ్చినట్టల్లా అన్నాను. కాలు జారిందని నువ్వు నిజంగా నమ్ముతున్నావా అని అడిగాను.

అమ్మ చేతిలో గింజ పక్కన పెట్టింది.

"జారలా. నాకు గాక ఎవురికి తెలుసు? నాలుక పండ్ల మధ్య ఉండె. నేనే నోరు మూసి చెంగు కట్టినాను." ఇంకో చింతపండు ముక్క చేతిలోకి తీసుకుంది. "తీసెయ్యమని చెప్తే సాక్ష్యం అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. అబద్ధ సాక్ష్యం చెప్పి పొయ్యినోళ్ళు ఏడికి పోతారో ఆయన వారం వారం చెప్తాడు. నా బిడ్డను నేను ఆడికి పంపియ్యాలనా?"

ఏడాదిగా అమ్మను నేను మూర్ఖురాలనుకున్నాను. ఆ నీలం రేకుల కింద అమ్మ వారం వారం ఏం కాపాడుకోవడానికి కూర్చుంటోందో అప్పుడు తెలిసింది. ఆయన మాట ఉన్నంతకాలం అక్క పరలోకంలో ఉంటుంది. ఆయన మాట పోతే అక్కకు చోటే లేదు. ఇంత గట్టి తాళం వేసి పెట్టాడు ఆ మెత్తటి మనిషి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని ఊరికే అనలేదు. నేను మంచినీళ్ళు తాగడానికి లోపలికి పోయాను.

బయటికి వచ్చేసరికి వాకిట్లో ఒక ఆడమనిషి, ఒక పిల్ల నిలబడి ఉన్నారు. జలదంకి అవతలి పల్లె నుంచి వచ్చారట, రెండు బస్సులు మారి. పిల్లకు పదిహేనేళ్ళు ఉంటాయేమో. కొత్త పరికిణీ వేసింది. నుదుటి మీద మానుతున్న దెబ్బ. ఆ దెబ్బ ఎందుకో నాకూ అమ్మకూ చూడగానే తెలిసిపోయింది. ఫోనులో అక్క వీడియో చూసి, ఊరి పేరు విని వెతుక్కుంటూ వచ్చారు. ఆ అక్కను ఒకసారి కళ్ళారా చూసి, మాట్లాడి పోవాలని.

అక్క లేదన్న సంగతి వాళ్ళకు తెలియదు.

అమ్మ వాళ్ళను చాప మీద కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది. తరువాత, అలవాటైన మాట కాబట్టి, కాలు జారి తొట్టిలో పడి పోయిందని చెప్పింది. పిల్ల తల్లి అయ్యో అని నోటి మీద చెయ్యి వేసుకుంది. చాలాసేపు బాధపడింది. కానీ ఆమె రెండు బస్సులు మారి వచ్చింది తన బిడ్డ కోసం. చివరికి మొహమాటపడుతూనే అడిగింది.

"పొయ్యేదాకా ఫిట్స్ అయితే రాలా గదమ్మా? ఈ ఆదివారం వింజమూరులో మా పిల్ల చేత గూడా సాక్ష్యం చెప్పియ్యాలని. మొన్నటి నుంచే బిళ్ళలు మానేద్దామనుకున్నాము. మిమ్మల్ని ఒక మాట అడిగినాక మానేద్దామని ఆగినాము."

నేను నోరు తెరిచాను. అమ్మ నా కేసి చూడకుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది. పిల్లను దగ్గరకు రమ్మంది. నుదుటి దెబ్బ మీద వేలు పెట్టి చూసింది. నీకు పాటలు వచ్చా అని అడిగింది. వచ్చునంది పిల్ల. ముందు వరసలో కూర్చోబెడతానన్నాడా అని అడిగింది. పిల్ల సిగ్గుపడి తలూపింది.

అమ్మ నడుము నుంచి తాళాల గుత్తి తీసి చాప మీద పెట్టింది.

"నా బిడ్డకు వచ్చినప్పుడల్లా ఇది చేతిలో పెట్టేదాన్ని. బిళ్ళ మానేసినాక వచ్చినాయి తల్లీ. శానాసార్లు వచ్చినాయి. ఎవురికీ చెప్పకుండా దాచినాము. అది కాలు జారి పోలా. ఫిట్స్ వచ్చి పొయ్యింది. ఒంటరిగా పొయ్యింది. బిళ్ళ మాన్పియ్యొద్దు."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. ఆ తల్లి పిల్లను తన వైపు లాక్కుని అలాగే చూస్తూ ఉంది. బిళ్ళలు తెచ్చినారా అని అమ్మ అడిగితే సంచిలోంచి అట్ట తీసింది. నిన్నటిది వేయలేదని ఒప్పుకుంది. అమ్మ ఒక మాత్ర తీసి పిల్ల అరచేతిలో పెట్టి, ఆ చెయ్యిని తన రెండు చేతులతో మూసింది. కళ్ళు మూసుకుంది. నాయన పోయాక ఆ ఇంట్లో ఎవరూ అనని మాటలు అంది. ఈ బిళ్ళ చేసిన చేతుల్ని దీవించు, మింగే బిడ్డను కాపాడు. నేను ఆమేన్ అన్నాను. అన్నానని అన్న తరువాత గాని నాకు తెలియలేదు. పిల్ల మింగి మజ్జిగ తాగింది.

వాళ్ళను బస్సెక్కించి వచ్చేసరికి అమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఆయనకు ఫోను కలపమంది. కలిపి ఇచ్చాను. "అయ్యగారూ, నా బిడ్డ మాటలు తీసెయ్యండి. ఎవురికీ వినిపియ్యొద్దు" అంది. తరువాత చాలాసేపు అవతలి నుంచే మాటలు వచ్చాయి. అమ్మ వింటూ ఉంది. మళ్ళీ అదే మాట అంది, తీసెయ్యండి అని. ఫోను నా చేతికిచ్చింది.

ఏమన్నాడని అడిగాను.

"తీసేస్తాడంట. కానీ సాక్ష్యం అబద్ధమని నా నోటితో చెప్పినాక ఆ బిడ్డ ఆత్మ ఏడుంటాదో నన్నే ఆలోచించుకోమన్నాడు. మీ ఇష్టం తల్లీ అన్నాడు."

వాడు తన చేతిలో ఉన్న చివరి రాయి కూడా విసిరాడు. అది తగలాల్సినచోటే తగిలింది. అమ్మ ముఖంలో ఏడాదిగా ఉన్న ఒక ధైర్యం, ఎంత దొంగదైనా ధైర్యమే, ఇప్పుడు లేదు. ఎవరో ముక్కూ ముఖం తెలియని పిల్ల కోసం దాన్ని ఇచ్చేసింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చింతపండు జిగట ఇంకా వేళ్ళకు ఉంది.

"ఇప్పుడు అది ఏడుండాదో నాకు తెలీదు మే" అంది.

"నాయన దగ్గర ఉంటాదిలేమ్మా."

"నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలా. నేనే అనుకుంటుండా."

అమ్మ నా కేసి తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"ఎవురూ చెప్పకుండా ఎట్ట నమ్మేది మే?"